దాపల అంటే ఎటు?

వానలు పట్టి వాగు పొంగితే రాళ్లదిబ్బ మీది మందకు మేత అందదు. అందుకని అవతలి ఒడ్డున వామి వేసిన గడ్డిని అంతకుముందే బండిమీద ఇవతలికి చేర్చుకోవాలి. ఆ బండి లాగే ముసలి ఎద్దు బొల్లన్న జతగాడు ఈ వేసవిలో చనిపోయాడు.

ఆ దిబ్బ మీద కోడెలకు కాడి విద్య చెప్పేది ఒక నక్క. దాని మెడ మీద కాడి ఏనాడూ పడలేదు. పాఠం మాత్రం గంభీరంగా సాగేది. కోడెలకు ఎదురుగా కూర్చుని, "దాపల అంటే ఎడమ" అంటూ తన ఎడమకాలు ఎత్తేది. ఎదురుగా నిలబడ్డ కోడెలు అద్దంలో బొమ్మలా తమ కుడికాలు ఎత్తేవి. "వలపల అంటే కుడి" అన్నప్పుడు ఎడమకాలు. నక్క దిద్దేది కాదు. అది అజ్ఞానమా, అలసత్వమా, మరింకేదైనానా అని ఆ దిబ్బ మీద ఎవరూ ఆలోచించలేదు. ఆ చదువులో అందరికంటే ముందు నిలిచిన కోడె పుల్లన్న.

బొల్లన్న అతణ్ణి పిలిచి అడిగాడు.

"దాపల అంటే?"

"ఎడమ, తాతా."

"వలపల?"

"కుడి."

"బాగుంది. బండి లాగిన అనుభవం ఉందా?"

"ఎవరైనా కడితే కదా తాతా, అనుభవం వచ్చేది! ఒక్కసారి ఖాళీ బండి కట్టి దిబ్బ చుట్టూ నడుద్దాం. కాడి బరువెంతో కూడా నాకు తెలియదు."

"నడక నేర్పుతూ కూర్చుంటే మబ్బు ఆగుతుందట్రా? అన్నీ వచ్చినవాడివనే కదా నిన్ను పిలిచింది! చదువు అక్కడ, పని ఇక్కడ. పద."

పుల్లన్న కాడికి మెడ ఒగ్గాడు. మంద ఆకలి తన మెడ మీదే ఉందన్న గర్వం అతని భయాన్ని కప్పేసింది.

పోయేటప్పుడు ఖాళీ బండిని బొల్లన్న తన బలంతోనే మలుపులు తిప్పాడు, మాట చెప్పే పని పడలేదు. గడ్డి నింపుకొని తిరిగి వస్తుండగా చినుకులు మొదలయ్యాయి. ఇవతలి గట్టు ఎక్కాక దారి ఎడమకు మలుపు తిరుగుతుంది. కుడివైపున వాగు లోయ. మలుపులో బొల్లన్న గట్టిగా అరిచాడు: "దాపల!"

పుల్లన్న ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కుడికి తిరిగాడు.

కాడి మెలిపడింది. తాడు తెగి బొల్లన్న గట్టు మీదే మిగిలిపోయాడు. బండీ, గడ్డీ, కోడే లోయలోకి దొర్లిపోయాయి.

"తాతా, దాపలకే కదా తిరిగాను?" కింద నుంచి పుల్లన్న అడిగాడు. ముందుకాలు విరిగి అతని కిందే మడతపడి ఉంది.

"అది వలపలరా, నాయనా!"

"కాదు తాతా. నక్క పంతులుగారు మెచ్చుకున్నారు."

అప్పుడు నక్క తొందరేమీ లేకుండా గట్టు దిగి వచ్చింది.

"ఇదేనట్రా నువ్వు చెప్పిన చదువు?" అని బొల్లన్న రంకె వేశాడు.

"మామా, నేను చెప్పింది తప్పో ఒప్పో చూసుకోవలసింది పనిలో పెట్టుకున్నవాడు. నాలుగడుగులు నడిపించి ఉంటే నీకే తెలిసేది."

బొల్లన్న గట్టు అంచుకు జరిగాడు. "మరి ఇక్కడికెందుకొచ్చావు?" అన్నాడు.

"కాలు విరిగిన శిష్యుణ్ణి నేను ఏనాడూ ఒంటరిగా వదిలిపెట్టలేదు" అంటూ నక్క పుల్లన్న పక్కన చతికిలబడి మూతి నాక్కుంది.

వాగు పెరుగుతోంది. మంద తినవలసిన గడ్డి మోపులు మోపులుగా నీళ్లలో కొట్టుకుపోతోంది.

సరిగా నేర్పనివాడూ, నడిపించి చూడనివాడూ కలిసి తవ్విన గోతిలో పడేది నేర్చుకుందామని వచ్చినవాడే.