‘తీరం దాటాక’కి మూడు గిటార్లు

“నేనుండగానే ఇంకో గిటారిస్టుని తెచ్చి పక్కన నిలబెడితే, ఇక అక్కడ నేనెందుకు మాస్టారూ?” అని అడిగింది తన్మయి.

ఇమ్మానుయేలు మాస్టారికి వాదించే అలవాటు లేదు. కంచరపాలెంలో తన ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన ఏళ్ళ తరబడి డ్రమ్స్, గిటార్ నేర్పుతున్నారు. ఎవరేం అడిగినా డ్రమ్స్ పుల్లలు పక్కన పెట్టి, ఎప్పుడో జరిగినదొకటి చెప్తారు. అర్థం మాత్రం చెప్పరు. దాంతో సరిపెట్టుకోలేక మానేసిన శిష్యులూ ఉన్నారు. నేను మానలేదు గనక ఆ రోజు అక్కడ ఉన్నాను.

తన్మయి ఆయన దగ్గర ఆరేళ్ళు నేర్చుకుంది. నలుగురు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టింది. ఇప్పుడా నలుగురూ ఆమెతో మాట మాత్రం చెప్పకుండా రెండో గిటారిస్టుని మాట్లాడుకున్నారు. మానేస్తానని వాళ్ళకి చెప్పే ముందు మాస్టారికి చెప్పిపోదామని వచ్చింది.

మాస్టారు వయసులో ఉన్నప్పుడు ‘ఉప్పుగాలి’ అనే రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవారు. విశాఖపట్నం కాలేజీల్లో ఆ పేరు తెలియనివాళ్ళు లేని రోజులవి. వాళ్ళ పాటల్లో ‘తీరం దాటాక’ తుఫాను గురించినది. చివర పాట ఆగిపోయి గిటార్ ఒక్కటే సోలోగా మోగుతుంది. ఆ సోలో కట్టినవాడు గోపీనాథ్ పట్నాయక్. క్యాసెట్ రికార్డింగుకి పది రోజుల ముందు, సోలో పొడుగైంది, సగానికి కోద్దామన్నారు మిగతావాళ్ళు. పట్నాయక్ మారు మాట్లాడకుండా గిటార్ పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అతని స్థానంలో జుబేర్ వచ్చాడు. మాస్టారు ఇచ్చిన పట్నాయక్ రిహార్సల్ టేపు విని నేర్చుకున్నాడు. కాని రికార్డింగులో సోలోని తన తీరున మార్చి వాయించాడు. క్యాసెట్ ఊరంతా మోగింది. అందరికీ తెలిసిన సోలో జుబేర్‌ది. నాలుగేళ్ళకి అతను మస్కట్‌లో ఉద్యోగానికి పోతే విన్సెంట్ వచ్చి, బ్యాండు విడిపోయేదాకా తొమ్మిదేళ్ళు వాయించాడు. జనం క్యాసెట్‌లో ఉన్నట్టే కావాలనేవారు గనక విన్సెంట్ అలాగే వాయించేవాడు.

విడిపోయిన పద్దెనిమిదేళ్ళకి, వాళ్ళు మొదట వాయించిన కాలేజీవాళ్ళు యాభయ్యో వార్షికోత్సవానికి మళ్ళీ రమ్మన్నారు. ఏ గిటారిస్టుని పిలవాలన్నది సమస్య అయింది. మాస్టారు ముగ్గురికీ ఫోన్ చేశారు.

“ముగ్గురూ వస్తామన్నారమ్మా. ఫోన్ పెట్టేశాక నాకు భయం పట్టుకుంది,” అన్నారాయన.

పట్నాయక్, జుబేర్ అంతవరకూ ఒకరినొకరు చూసినవాళ్ళు కారు. రిహార్సల్ రోజున ఈ షెడ్డులోనే పరిచయమయ్యారు. నమస్కారాలయ్యాయి. తరవాత చెరో మూలకి తిరిగి కూచుని, శ్రుతి చేసిన గిటార్లనే మళ్ళీ మళ్ళీ శ్రుతి చేసుకున్నారు. ‘తీరం దాటాక’ దగ్గరికి వచ్చేసరికి పట్నాయక్, “సోలో మీరే వాయించండి జుబేర్ గారూ, జనానికి తెలిసింది మీదే,” అన్నాడు. “కట్టింది మీరు, మీరుండగా నేనా?” అన్నాడు జుబేర్. పైకి మర్యాదే. కాని ఎవరి గొంతులోనూ తడి లేదు. విన్సెంట్ మాత్రం, “నేను వెనక ఆసరాగా కార్డ్స్ వాయిస్తాను, అన్నా. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ చొక్కా తొడుక్కున్నవాణ్ణి, నాకు సోలో ఏమిటి?” అన్నాడు.

మాస్టారికి విసుగొచ్చింది. “ఇద్దరూ మొదలుపెట్టండి. ఎవర్ని ఆపాలో నేను ఆపుతాను,” అన్నారు.

ఇద్దరూ మొదలుపెట్టారు. రెండు వరసలు దాటేసరికి మాస్టారికి చేతుల్లో తాళం తప్పబోయింది. పట్నాయక్ వాయిస్తున్నది క్యాసెట్‌లోని జుబేర్ సోలో. జుబేర్ వాయిస్తున్నది, టేపులో తప్ప ఎక్కడా లేని పట్నాయక్ సోలో. ఒక్క స్వరం పొల్లుపోకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంటూ వాయిస్తున్నారు. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

“ఆ క్యాసెట్ జన్మలో విననన్నారని చెప్పారే నాకు?” అన్నాడు జుబేర్.

“అన్నాను. ఆ వారమే కొన్నాను,” అన్నాడు పట్నాయక్. “మొదట తప్పులు పట్టుకుందామని విన్నాను. దొరకలేదు. నాది ఎక్కడ పొడుగైందో మీది విన్నాకే తెలిసింది. అప్పట్నించీ మీదే వాయించుకుంటున్నాను, ఇంట్లో, తలుపేసుకుని.”

“మీ టేపు నాతో మస్కట్ వచ్చింది భాయ్,” అన్నాడు జుబేర్. “పది రోజుల్లో మీ అంత పొడుగు సోలో నాకు చేతికి రాలేదు. అందుకు మార్చాను. ఊరంతా మెచ్చుకుంటుంటే, చేతకాక మార్చానని ఎవరితో చెప్పను? అక్కడ కూచుని నేర్చుకున్నాను. ఆరేళ్ళు పట్టింది.”

అప్పుడు వెనకనించి విన్సెంట్ కోప్పడ్డాడు. “ఎందుకాపారు? రెండూ కలిసి ఎంత బాగున్నాయో మీకు వినబడలేదా? మళ్ళీ మొదలెట్టండి!”

మళ్ళీ మొదలెట్టారు. పట్నాయక్ కట్టిన పొడుగు వరస కింద జుబేర్ కట్టిన పొట్టి వరస, ఒకటి ఊపిరి తీసుకునే చోట రెండోది పలుకుతూ, ఒకే మనిషి రెండు గొంతులతో పాడుతున్నట్టు ఉందట. కట్టినప్పుడు ఎవరూ అలా అనుకోలేదు. మాస్టారు ఎవర్నీ ఆపలేదు.

వార్షికోత్సవం నాటి సాయంకాలం కాలేజీ మైదానం నిండిపోయింది. ముగ్గురు గిటారిస్టులూ వరసగా నిలబడ్డారు. సోలో వచ్చింది. పట్నాయక్ జుబేర్‌ది, జుబేర్ పట్నాయక్‌ది వాయించారు. నలభై దాటినవాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. సోలో అయిపోవలసిన చోట ఇద్దరూ ఆగి, విన్సెంట్ వైపు తిరిగి తలలూపారు. ఆ సంగతి వాళ్ళు అతనికి ముందు చెప్పలేదు. తొమ్మిదేళ్ళు ఇంకొకరి సోలో వాయించినవాడికి తనదంటూ ఏమీ కట్టుకుని లేదు. ఒక్క క్షణం బిత్తరపోయాడు. తరవాత కళ్ళు మూసుకుని వాయించాడు. తుఫాను వెలిసిన మర్నాడు ఊరు ఎలా ఉంటుందో అలా, నెమ్మదిగా, ఎక్కువ స్వరాలు లేకుండా వాయించాడు. ఆ ఇద్దరూ వేళ్ళ కొసలతో తీగలు తాకుతూ అతని వెనక కార్డ్స్ పట్టారు.

“తాళం నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి ముగించమని బ్యాండులో మిగతావాళ్ళు నాకు సైగ చేశారమ్మా. నేను చూడనట్టు ఊరుకున్నాను. పదహారు చేశాను,” అన్నారు మాస్టారు.

తన్మయి “ఇంతకీ ఆ రోజు బాగా వాయించింది ఎవరు మాస్టారూ?” అని అడిగింది.

మాస్టారు పుల్లలు చేతిలోకి తీసుకున్నారు.

“నేను వాళ్ళ వెనక కూచున్నానమ్మా. నాకు మూడు వీపులు కనబడ్డాయి. ఏది ఎవరి చేతిలోంచి వస్తోందో అక్కణ్ణించి తెలీదు.”