చేతి బరువు

నేత పనిచేసే కదిరెప్ప మళ్ళీ వచ్చేసరికి అతని కుంటు ఇంకా ఎక్కువైంది. దాదావలికి అది మింగుడు పడలేదు.

దాదావలి కొండకింది దర్గాలో ఇమాంసా బాబాకు శిష్యుడు. ఒళ్ళు నొప్పులతో వచ్చేవాళ్ళకు చేత్తో నయం చెయ్యడం కూడా ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాడు. అతని చేతుల్లో మంచి బలం ఉంది. ఆ బలం చూసే బాబా తనను చేరదీశాడని అతని నమ్మకం.

కదిరెప్పది రోజంతా గుంటమగ్గంలో కూర్చునే పని. కుడి పిర్ర లోపలెక్కడో పట్టేసి, నొప్పి తొడ వెనకనుంచి పిక్కదాకా జివ్వున లాగేది. దాదావలి బొటనవేళ్ళతో అక్కడ బలమంతా పెట్టి నొక్కేవాడు. కదిరెప్ప కండువా కొరికిపట్టి భరించేవాడు.

"కండ మొండిది బాబా. ఎంత నొక్కినా లొంగట్లేదు. ఇవాళ మోచెయ్యి పెట్టమంటారా?" అన్నాడు దాదావలి.

బాబా వచ్చి చాప పక్కన కూర్చున్నాడు. కదిరెప్ప బోర్లా పడుకున్నాడు. దాదావలి చెయ్యి చాపగానే, అది తగలకముందే, అతని ఒళ్ళంతా బిగుసుకుంది.

"భయంగా ఉందా నాయనా?" అన్నాడు బాబా.

"ఆయప్ప నా మంచికే చేస్తాండాడు సామీ. నాకే ఓర్పు చాల్లేదు," అన్నాడు కదిరెప్ప, మొహం చాపలో దాచుకుని.

దాదావలి తల దించుకున్నాడు.

బాబా శిష్యుడి అరచేతిని తీసుకుని నొప్పి ఉన్న చోట ఆనించాడు. దానిమీద తన చెయ్యి వేశాడు. ముసలి చెయ్యి, సన్నగా వణుకుతోంది. రెండో చేత్తో కదిరెప్ప మోకాలు మడిచి, మడమ పట్టుకుని, కాలిని మెల్లగా అటూ ఇటూ ఊపసాగాడు, ఉయ్యాల ఊపినట్టు.

దాదావలి నొక్కబోయాడు.

"ఉండు. అతన్ని ఊపిరి వదలనీ."

కదిరెప్ప ఊపిరి వదిలాడు. దాదావలి చెయ్యి తన బరువుకు తానే కొంచెం దిగింది. మళ్ళీ ఆగారు.

"ఎప్పుడు నొక్కుతారు సామీ?" అన్నాడు కదిరెప్ప కొంతసేపటికి.

"నొక్కుతూనే ఉన్నాం."

ఎండిన తోలు నీళ్ళలో నానినట్టు, అరచేతి కింద కండ మెత్తబడటం దాదావలికి తెలిసింది. కాసేపటికి చిన్నగా గురక మొదలైంది.

బాబా తన చెయ్యి తీసేశాడు. దాదావలి చెయ్యి ఒక్కటే అక్కడ మిగిలింది.

కదిరెప్ప నిద్రపోతూనే ఉన్నాడు.