నల్లబంతిలో నూకాలు గొంతు

కాళ్ళు దుప్పట్లో పెట్టుకోండి. బుల్లీ, నీ కుడిచెయ్యి ఇలా ఇవ్వు, ఈ కథకి అది కావాలి. ఇద్దరూ ఊ కొట్టాలి. మానేశారంటే నేనూ అటు తిరిగి పడుకుంటాను.

అనగనగా ఒక సంస్థానం, నెమలిమెట్ట అని. ఆ ఊరి దొరగారికి ఒకటే పిచ్చి, స్నూకరు. అదేనే, నువ్వు క్లబ్బుకెళ్ళి ఆడేదే. నాలుగు మంచాలు కలిపినంత బల్ల, మీద పచ్చగుడ్డ, చుట్టూ ఆరు గుంటలు. కర్రతో తెల్లబంతిని కొడితే అది వెళ్ళి రంగుబంతిని గుంటలోకి తోసెయ్యాలి. అన్నీ అయిపోయాక చివరికి నల్లబంతి మిగులుతుంది. ఆట సరిసమానంగా నడిస్తే, అది ఎవరు పడేస్తే వాళ్ళదే గెలుపు. సరేనా?

ఆ బల్ల తుడవడానికీ, దొరగారితో ఆడడానికీ దాలయ్య అని ఒక మార్కరు ఉండేవాడు. గురి అంటే వాడిదేనట. మరి దొరని ఓడించొచ్చా? అమ్మో, కూడదు. అందుకని దాలయ్య ఎర్రవి పడేసేవాడు, పసుపు పడేసేవాడు, పచ్చ పడేసేవాడు, నీలం పడేసేవాడు, నల్లబంతి దగ్గరికొచ్చేసరికి మోచెయ్యి ఇంత, ఇదిగో ఇంతే, పక్కకి వంచేవాడు. బంతి గుంట అంచు దాకా వెళ్ళి ఆగిపోయేది. దొరగారు దాన్ని తోసేసి మీసం దువ్వుకునేవారు. ఇరవయ్యేళ్ళు ఇదే తంతు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం దాలయ్య నల్లబంతి కొట్టడానికి వంగాడు, ఎప్పట్లాగే తప్పాడు. ఆ మోచెయ్యి వంగడం దొరగారి కంట పడింది. కావాలని తప్పావా, చేతకాక తప్పావా అని అడిగారు. వాడికి భయమేసి, చేతకాకే దొరా అని అబద్ధమాడాడు. దొరగారు వాడి మొహంలోకి చూస్తూ చూస్తూనే గుండె పట్టుకుని అక్కడే పడిపోయారు. అంతే, ప్రాణం పోయింది.

ఆ హాలుకి తాళం పడింది. బల్ల మీద బంతులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. దాలయ్య కర్ర ముట్టుకోవడం మానేసి చోళ్ళు పండించుకుంటూ పదేళ్ళు గడిపేశాడు.

ఊ కొడుతున్నారా? దగ్గరికి జరగండి, ఇప్పుడొస్తుంది భయం.

దాలయ్యకి నూకాలని అయిదేళ్ళ మనవరాలు. నోరు మూస్తే ఒట్టు. ఆ పిల్ల ఒక అమావాస్య నాడు దాగుడుమూతలాడుతూ, విరిగిన కిటికీలోంచి ఆ హాల్లో దూరింది. నున్నగా ఉంది కదా అని నల్లబంతి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అంతే, గొంతు పోయింది. ఇంటికొచ్చి నోరు తెరుస్తుంది, పెదవులు అమ్మా అంటాయి, చప్పుడు మాత్రం రాదు. ఏడుస్తుంది, ఏడుపూ వినబడదు. ఏడుపు వినబడని పిల్లని చూస్తే ఎంత భయమో మీకు తెలీదర్రా.

దాలయ్య పరుగున హాలుకి వెళ్ళాడు. బల్లకి అవతల దొరగారు నిలబడి ఉన్నారు. అవే మీసాలు, అదే కోటు, పాదాలు మాత్రం వెనక్కి తిరిగి ఉన్నాయి. బంతులు ఆనాడు ఆ దెబ్బకి ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మూడో అమావాస్య మిట్టమధ్యాహ్నం వచ్చి ఆ దెబ్బ మళ్ళీ కొట్టమన్నారు. నేను గెలిచిన ఆటలు నావో, నువ్వు పారేసినవో తేలాలి, అప్పటిదాకా నాకు ఇక్కణ్ణించి పోక లేదన్నారు. నల్లబంతి పడితే పిల్ల గొంతు పిల్లకి, తప్పితే ఎప్పటికీ ఈ హాలుకే.

దాలయ్య ఇంటికొచ్చి అటక మీంచి కర్ర దించాడు. చెయ్యి వణికింది. వణుకు తగ్గితే మోచెయ్యి పక్కకి వంగింది. ఇరవయ్యేళ్ళు తప్పడం నేర్చిన చెయ్యి కదా! నావల్ల కాదని అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

అప్పుడు కోడలు గవరమ్మ వచ్చింది. నూకాలు తల్లి. ఆవిడా లోపల వణుకుతూనే ఉంది, కానీ తెలివైన మనిషి.

"నా రోకలి రోట్లోనే ఎందుకు పడుతుందనుకున్నావు మావయ్యా? రోజూ దంచుతాను కనక. లే," అంది.

ఖాళీ సీసా ఒకటి అరుగు మీద పడుకోబెట్టింది. దాని మూతిలోకి కర్ర దూర్చి వెనక్కి తియ్యాలి, అంచు తగలకూడదు. రోజుకి నూరుసార్లు. ఒక్కరోజు మానేస్తే మళ్ళీ మొదటి రోజే. గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేది. పంతొమ్మిదో నాడు వానా జ్వరమూ కలిసొచ్చి దాలయ్య ముసుగుతన్ని పడుకున్నాడు. గవరమ్మ గీతలన్నీ తుడిచేసింది. పిల్ల ఆ గోడకేసి చూసి నోరు తెరిచింది, చప్పుడు లేదు. ఆ తరవాత దాలయ్య ఒక్కరోజు మానలేదు.

కాలు నిలిస్తే నడుం నిలిచింది, నడుం నిలిస్తే భుజం నిలిచింది, భుజం నిలిస్తే మోచెయ్యి నిలిచింది, మోచెయ్యి నిలిస్తే కర్ర తిన్నగా పోయింది. సీసా టింగుమనడం మానేసింది.

ఇంకో పది రోజులుందనగా గవరమ్మ కొత్త పని మొదలెట్టింది. మావగారు కర్ర తోసే సమయానికి వెనక నిలబడి పళ్ళెం బాదేది. దానికి అలవాటయ్యాక, నూకాలులా గొంతు మార్చి ఏడ్చేది, కొట్టకు తాతా అని. మొదట్లో సీసా ఎగిరి కింద పడింది. రోజూ ఏడ్చింది, రోజూ కొట్టాడు. నిజంగానే ఏడ్చేదట ఆవిడ.

మూడో అమావాస్య వచ్చింది. బయట ఎండ మండిపోతోంది, హాల్లో మాత్రం నూతిలో ఉన్నంత చల్లగా ఉంది. దొరగారు వెనక్కి తిరిగిన పాదాలతో వచ్చి సరిగ్గా గుంట దగ్గర నిలబడ్డారు. దాలయ్య వంగాడు. కర్ర వెనక్కి లాగాడు. అప్పుడు నల్లబంతిలోంచి గొంతు వచ్చింది.

"కొట్టకు తాతా, నొప్పేస్తుంది."

అది గవరమ్మ కాదు, నూకాలే. దాలయ్యకి కళ్ళనిండా నీళ్ళొచ్చి బంతి అలుక్కుపోయింది. పారిపోదామనే అనుకున్నాడట. కానీ చేతికేం తెలుసు? రోజూ అరుగు మీద వినే ఏడుపే అనుకుంది. తిన్నగా పోయింది.

టక్. నల్లబంతి గుంటలో పడింది.

దొరగారు వంగి గుంటలోకి చూశారు. అయితే నేను ఒక్క ఆటా గెలవలేదా అని అడిగారు. దాలయ్యకి ఇప్పుడూ భయమే, అయినా అబద్ధమాడలేదు. కొన్ని మీవే దొరా, ఎక్కువ నేను పారేసినవే, తప్పు నాది అన్నాడు. ఈ మాట అప్పుడే చెబితే నేనూ నేర్చుకుందును కదరా అని దొరగారు నిట్టూర్చారు. పాదాలు ముందుకి తిరిగాయి. ఆ పాదాలతో నడిచి గుమ్మం దాటి ఎండలో కలిసిపోయారు.

దాలయ్య వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి అరుపు వినబడింది.

"తాతా, అంత గట్టిగా కొడతారా ఎవరైనా?"

గవరమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆ తరవాత నూకాలు నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు, ఎవరూ మూయించనూ లేదు. అందరూ సుఖంగా ఉన్నారు.

ఇదిగో బుల్లీ, మొన్న ఆ ఎదురింటి పిల్ల చేతిలో ఓడిపోయి కర్ర మూల పడేశావు, నేను చూశాను. నీ చెయ్యి వణకడం లేదులే, పట్టుకునే ఉన్నాగా. భయం పోయాక ఆడతానంటే ఎప్పటికీ ఆడవు. సీసా కడిగి అరుగు మీద ఆరబెట్టాను. పొద్దున్నే నూరుసార్లు, వెనకాల ఏడవడానికి నేనున్నాను.

కథ కంచి దారి పట్టింది, మనం కళ్ళు మూసుకుందాం. ఊ అనరేం?