చిలక నోట్లో అంకె

అవునే రోహిణీ, ఆ కథే. మీ తాత చెప్పేవోడు చూడు, బాతుల లెక్క కథ. నీ కంప్యూటర్ కడుపులో ఇద్దరు ఒకే అంకెని ఒకేసారి మారిస్తే ఒకటి మాయమైపోతా ఉందన్నావే, అచ్చం అదేనమ్మా.

కాలవ గట్టున బాతుల దొడ్డి. రెండు వాకిళ్ళు. తూర్పున కుక్క కాపలా, పడమట పొట్టేలు. నడిమధ్య గుంజ మీద చిలక. సందేళ ఎన్ని బాతులు లోపలికొచ్చాయో ఆ అంకె చిలక నోట్లో ఉండాల. ఎవురేం చెప్తే అదే పట్టుకునేది, సొంతంగా కలిపేది కాదు.

కుక్క వచ్చి "ఎంతయింది చిలకమ్మా?" అనేది.

"పది."

పోయి ఒక బాతుని లోపలికి తోలి, తిరిగొచ్చి "పదకొండు" అనేది. ఈలోపు పొట్టేలు కూడా అడిగిపోయిందనుకో, దానికీ పదే. అదీ ఒకదాన్ని తోలొచ్చి "పదకొండు" అనేది. లోపలికి పోయింది రెండు, పెరిగింది ఒకటి.

పొద్దున ఒకే వాకిలి తీసి ఒక్కొక్కదాన్నే ఎంచుతా వదిలేవి. ఒకరోజు చిలక అంకె కన్నా ఒకటి ఎక్కువొచ్చింది.

"రాత్రికి రాత్రి పొదిగేసిందేమో!" అంది కుక్క.

"ఎక్కువొస్తే ఎవురన్నా ఏడుస్తారా, పద," అంది పొట్టేలు.

తుమ్మ పొదలో నక్క ఆ మాట వినింది. ఆ ఎక్కువొచ్చింది పోతే అడిగే నాథుడే లేడుగా! ఇక రోజూ సందేళ ఒక్క కూత కూసేది. కుక్కా పొట్టేలూ బెదిరి, ఒకేసారి చిలక దగ్గరికి ఉరికేవి. అంకె ఒకటి తగ్గేది. కుక్క కునుకు తీసేటప్పుడు నక్క ఒక బాతుని ఎత్తుకుపోయేది. పొద్దున లెక్క సరిపోయేది.

ముసలి బాతు అడిగింది, "నా చెల్లెలేదిరా?"

"లెక్క సరిపోయిందవ్వా," అంది కుక్క.

"లెక్కకేం తెలుసురా, అది ఎడమ కాలు ఈడుస్తా నడిచేదని?"

మీ తాత ఇక్కడ లేచి కాలు ఈడ్చి నడిచి చూపించేవోడు. ఫోన్లో నేనెట్టా చూపించేది తల్లీ.

ఆ సందేళ ముసలి బాతు చిలక పక్కనే కూచుంది. నక్క కూసింది. ఇద్దరూ ఉరికారు. పది, పది. పదకొండు, పదకొండు.

"ఆగండ్రా! నా కళ్ళముందు రెండు తోకలు లోపలికి పోయినాయి!"

"నేను సరిగ్గానే చెప్పానవ్వా," అంది కుక్క.

"నేనూ పది మీద ఒకటేశా," అంది పొట్టేలు.

"ఇద్దరూ సరిగ్గానే చెప్పార్రా. అంకెని మోసుకుని వాకిటిదాకా పోయొచ్చేలోపు అది పాతబడింది. ఇకమీద ఎంతని అడగొద్దు. బాతు లోపలికి పోతే వచ్చి 'ఒకటి' అనండి. చిలకమ్మే కలుపుతాది. కలిపేదాకా రెండోవోడు నోరు మూసుకోవాల."

"నేను కలపాలా? ఇన్నాళ్ళూ ఒక్కరన్నా అడిగారా నన్ను!" అని చిలక ఈకలు ఉబ్బించింది.

"నోరు మూసుకోడమంటే కష్టమే," అంది పొట్టేలు.

"మాకు తెలుసులే బావా," అంది కుక్క.

మర్నాడు సందేళ నక్క మళ్ళా కూసింది. ఇద్దరూ ఉరికారు. కుక్క "ఒకటి" అంది. పొట్టేలు పెదవి కొరుక్కుని ఆగి, తర్వాత "ఒకటి" అంది. బాతులన్నీ లోపలికి పోయినాక చిలక "పద్దెనిమిది!" అని అరిచింది. నక్క పొదలోంచి తోకలు ఎంచింది. పద్దెనిమిదే. ఒక్కటి కూడా ఎక్కువ లేదు. ఇప్పుడు ఏది తగ్గినా పొద్దున్నే కుక్క వాసన పట్టుకుని వచ్చేస్తాది.

ముసలి బాతు కంచె దగ్గరికొచ్చింది. "ఏం నక్కా, మిగిలిందేమన్నా ఉందా నీకు?"

నక్క తోక ముడిచి పొద లోపలికి జరిగింది.

వచ్చినప్పుడు లెక్కపెట్టని ప్రాణం, పోయినప్పుడు ఎవురికీ తెలీదమ్మా. అంతే కథ.

ఆ నక్కంటావా, తెల్లారేసరికి ఆ పొదలో లేదు.