దంపుళ్ల శాలలో దానం

రాజుగారి కోటలో వడ్లు దంచే ఆడవాళ్లకు, పొద్దంతా రోకలి వేస్తే సాయంత్రం దక్కేది దోసెడు నూకలు. దంపుళ్ల శాల అధికారి విరూపాక్షయ్య కన్ను వాటిమీద కూడా పడింది.

"ఈ వారమంతా తలా రోజుకో గుప్పెడు దానమివ్వాలి. ఇష్టంగా ఇవ్వాలి. ఇవ్వనివాళ్లు రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు. ఎవరికివ్వాలో మాత్రం మీరే తేల్చుకోండి," అన్నాడు.

అందరూ గోడకు చేరగిలబడిపోయారు. ముసలి పోలమ్మ భుజం నొక్కుకుంటూ, "ఆకలితో వచ్చినవాళ్లకిద్దాం బాబూ. వాళ్ల ఊరూ పేరూ మాత్రం అడగొద్దు," అంది.

ఆ మాట విరూపాక్షయ్యకు తెగ నచ్చింది. దాన్ని తన మాటగా రాజుగారికి చెప్పుకుని, దానం చూడ్డానికి ఆయన్నే పిలుచుకొచ్చాడు.

ఆ రోజు ఆడవాళ్లు పొద్దుటి దంపు ముగించి, చెమటలు తుడుచుకుంటూ దానంగా పోగైన నూకల గంప ముందు వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు పోలమ్మ కొంగు పట్టింది.

"నీకెందుకే? ఇచ్చిందానివి నువ్వే కదా!" విరూపాక్షయ్య గొంతు తగ్గించి కసిరాడు.

"ఇచ్చేటప్పుడు నాకుందా అని అడగలేదు కదా బాబూ," అంది పోలమ్మ నీరసంగా. "పుచ్చుకునేటప్పుడు ఎందుకడుగుతారు?"

రాజుగారు విన్నారు. లేచి తన చేత్తోనే ఆమె కొంగులో నూకలు పోసి, విరూపాక్షయ్య వైపు తిరిగారు.

"ఈ గంపలో నీ గుప్పెడేదయ్యా?"

పోలమ్మ జవాబు కోసం ఆగలేదు. కొంగు ముడేసుకుని, మధ్యాహ్నం దంపుకు మళ్లీ రోకలి అందుకుంది.