కట్టిన చేతులు

దస్తగిరమ్మకు డాక్టరు మాట మీద నమ్మకం పోయింది.

కూతురు హిమబిందు మోటార్ సైకిలు మీంచి పడింది. తలకు దెబ్బ. ప్రాణం దక్కింది గానీ కుడిచేయి మాట వినడం మానేసింది. భుజానికి తగిలించిన సంచిలా వేలాడుతూ ఉండిపోయింది.

పట్నంలో డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది.

"చేతిలో లోపమేం లేదమ్మా. ఎముక బాగుంది, కండ బాగుంది. మెదడులో ఆ చేతికి కబురు పంపే నరాల కణాలు కొన్ని చచ్చిపోయాయి. అవి తిరిగి రావు. పక్కనున్న కణాలు ఆ పని నేర్చుకోగలవు. కానీ పని పడితేనే నేర్చుకుంటాయి. రోజూ అన్నం వేళకు ఎడమచేయి కట్టేయండి. కుడిచేత్తోనే తినాలి."

దస్తగిరమ్మ కట్టింది. వేసవంతా కట్టింది. కుడిచేయి కాస్త పాకడం తప్ప ముద్ద ఎత్తింది లేదు.

గుట్ట మీది దర్గాలో ఉండే నూరుల్లా తాత ఆమెకు గురువు. పెళ్ళయిన కొత్తలో ఆయన దగ్గర ఉపదేశం తీసుకుంది. ఏ కష్టమొచ్చినా గుట్ట ఎక్కుతుంది. ఆ పొద్దూ ఎక్కింది.

తాత తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు.

"తాతా, చచ్చినోళ్ళ పని పక్కోళ్ళు నేర్చుకుంటారంట. నువ్వు నమ్ముతావా?"

"ఎవరన్నారు?"

"డాక్టరమ్మ. మెదడులో అట్ల జరుగుతాదంట."

"చదువుకున్న బిడ్డ. ఊరికే చెప్పదులే."

"మరి నేర్చుకోలేదే! చెప్పినట్టే చేస్తి. నా పాపమేమన్నా అడ్డమొచ్చిందా? తాయెత్తన్నా కట్టు తాతా."

తాత సూది పక్కన పెట్టాడు.

"ఇంట్లో ఏం వండినావు?"

"సంగటి. ఊరిబిండి పచ్చడి."

"పద. ఆకలైతాంది."

ఇంట్లో ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. దస్తగిరమ్మ పాత చీరపేలికతో కూతురి ఎడమచేయి నడుముకు కట్టింది. అందరికీ తినే తట్టల్లో వడ్డించింది.

బిందు కుడిచేయి పాక్కుంటూ తట్ట దాకా వచ్చింది. వేళ్ళు సంగటికి తగిలాయి. అంతలో దస్తగిరమ్మ చేయి వెళ్ళి, ముద్ద తుంచి, ఊరిబిండి అద్ది, కూతురి నోట్లో పెట్టేసింది.

పెట్టిన సంగతి ఆమెకు తెలియదు. ఈ ఏడు వానలెట్లుంటాయో తాతను అడుగుతోంది.

కుడిచేయి మళ్ళీ కదిలింది. మళ్ళీ ముద్ద నోట్లో ఉంది.

తాత భుజం మీది పచ్చగుడ్డ తీశాడు.

"చేతులియ్యి."

తాయెత్తు కడతాడనుకుని దస్తగిరమ్మ కొంగు తల మీదికి లాక్కుని, భక్తిగా రెండు చేతులూ చాచింది. తాత రెండు మణికట్లూ కలిపి, గుడ్డ కొస ఆమె నడుము చుట్టూ తిప్పి గట్టిగా ముడి వేశాడు.

"ఇదేంది తాతా! రోగం దానికి కదా?"

"తాయెత్తు అడిగితివి కదమ్మా."

బిందుకు నవ్వొచ్చింది. "మా అమ్మను కూడా కట్టేసినావా? ఇంగ ఇంట్లో మిగిలినవి నీ చేతులే తాతా."

"నావి ముసలివి. నాకు తినిపించేదానికే సరిపోవు."

తాత తినడం మొదలుపెట్టాడు.

బిందు వేళ్ళు సంగటిని తోశాయి. గీకాయి. ఒక తునక ఊడి నేల మీద పడింది. గడప దగ్గరి కోడి వచ్చి ఎత్తుకుపోయింది. దస్తగిరమ్మ ఒడిలో కట్టిన చేతులు రెండూ ఎగిరి పడ్డాయి.

"పిల్ల పస్తుంటాది తాతా. విప్పు."

"ఒక పూటకు ఎవరూ చావరులే."

దస్తగిరమ్మ ముఖం పాలిపోయింది. ఆసుపత్రి వరండాలో రాత్రంతా నిలబడినప్పటి ముఖం అది.

"చావు మాట అనొద్దు తాతా."

తాత తింటున్న ముద్ద తట్టలో పెట్టేశాడు. తల వంచుకున్నాడు.

"తప్పే తల్లీ."

ముడి మాత్రం విప్పలేదు.

బిందు మళ్ళీ తుంచింది. ఈసారి చేయి గడ్డం దాకా వచ్చింది. ఊరిబిండి మెడ మీద పడింది. మళ్ళీ తుంచింది. పెదవికి తగిలింది. లోపలికి పోయింది గోరంతే. ఆ గోరంత ముక్కను బిందు చాలాసేపు నమిలింది.

దస్తగిరమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. కూతురు పడిన రోజు నుంచి ఆమె ఏడవలేదు. ఇప్పుడు తుడుచుకోవడానికి చేయి లేదు. భుజానికి రాసుకోబోయింది. అందలేదు. ముక్కు కూడా కారుతోంది. అట్లాగే కూర్చుంది.

బిందు తల్లి వంక చూసింది. తినడం మరిచిపోయింది.

కుడిచేయి తట్ట మీంచి లేచింది. వణికింది. గాలిలో ఒక పక్కకు వాలిపోయింది. మళ్ళీ నిలదొక్కుకుంది. వెళ్ళి ముందు తల్లి చెవికి తగిలింది. అక్కడి నుంచి తడుముకుంటూ ముక్కు మీదికి. అక్కడి నుంచి కంటి కిందికి. చెంపంతా సంగటి పూసి, తడి తుడిచింది.

దస్తగిరమ్మ కదల్లేదు. కదిలితే ఆ చేయి ఎక్కడ పడిపోతుందోనని.

తాత తట్ట ఊడ్చి, వేళ్ళు నాక్కున్నాడు.

"బాగుంది. రేపు కూడా కాసేపు ఏడువు తల్లీ."