తెలియని మాటల డబ్బా

భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో వీరవేణి అనే సూపర్‌వైజరు ఉండేది. పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు గానీ, ‘నాకు తెలియదు’ అనే మాట మాత్రం చచ్చినా ఆమె నోట వచ్చేది కాదు.

ఆ ఫ్యాక్టరీకి కొత్త యంత్రాలు వచ్చాయి. వాటి మీద రాతలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అందుకని యజమాని, పనివాళ్లకు రోజూ సాయంత్రం ఒక గంట ఇంగ్లీషు నేర్పడానికి అరుంధతి టీచరును పెట్టాడు. మూడు నెలలకు పాఠాలు పూర్తయ్యాయి. ఇక నేర్చుకున్నదంతా మరోసారి తిరగెయ్యడమే మిగిలింది. టీచరు బల్ల మీద ఒక బిస్కెట్ల డబ్బా పెట్టింది.

“ఏ మాట తెలియకపోయినా, ఏ వాక్యం తికమకగా ఉన్నా చీటీ రాసి ఇందులో వెయ్యండి. పేరు రాయక్కర్లేదు. డబ్బాలో పడ్డవే మళ్లీ చెబుతాను. పడనివి మీకు వచ్చినట్టే,” అంది.

రొయ్యలు ఒలిచే సువార్త రోజుకు పది చీటీలు వేసేది. “డబ్బా నీ ఒక్కదానికే చాలడం లేదే,” అని అందరూ ఆటపట్టించేవారు. ఆమె కూడా నవ్వేసి పదకొండోది రాసేది.

వీరవేణికి మాత్రం ఆ డబ్బాను చూస్తేనే భయం. ఇంగ్లీషు వాక్యంలో జరిగిపోయినదేదో, జరగబోయేదేదో ఆమెకు అంతా కలగాపులగంగానే ఉండేది. తన చేతిరాతను టీచరు గుర్తుపడితే? తన కింద పనిచేసేవాళ్లు నవ్వితే? అందుకని ఖాళీ చీటీని నాలుగు మడతలు పెట్టి, అందరూ చూసేలా డబ్బాలో వేసేది. ఆహా, ఏం తెలివి!

ఒకరోజు టీచరు ఎవరు పనిచేసే గదిలో అంటించిన సూచనల కాగితం నకలు వారికే ఇచ్చి, అర్థం కాని చోట గీత గీయమంది. వీరవేణికి, రొయ్యల పెట్టెలు గడ్డకట్టించి దాచే చలిగది తలుపు కాగితం వచ్చింది. ఉన్నవి నాలుగే వాక్యాలు. ఒక్కటీ బోధపడలేదు. అయినా ఒక్క గీత కూడా గీయకుండా తిరిగి ఇచ్చేసింది.

“అంతా వచ్చేసిందా వీరవేణి గారూ? అయితే ఇది వదిలేస్తాను,” అంది టీచరు.

“వచ్చేసిందండీ,” అంది వీరవేణి.

వారం తిరగలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ వీరవేణి, సువార్త పెట్టెలు సర్దడానికి చలిగదిలోకి వెళ్లారు. లోపల సున్నాకు ఇరవై డిగ్రీలు తక్కువ. వాళ్ల వెనకే తలుపు ధడేలున మూసుకుంది. తోశారు, కదల్లేదు. అరిచారు. ఫ్యాన్ల హోరులో ఆ కేకలు బయటికి వినపడలేదు. బయట అందరూ భోజనాలకు వెళ్లిపోయారు. గంట దాకా ఎవరూ రారు.

తలుపుకు ఒక పచ్చటి పిడి ఉంది. దాని పైన అదే కాగితం.

“అక్కా, నీకు వచ్చుగా. చదువు,” అంది సువార్త వణుకుతూ.

వీరవేణి పై ప్రాణాలు పైనే పోయాయి. అక్షరాలు కనబడుతున్నాయి, అర్థం మాత్రం తెలియడం లేదు. అప్పుడైనా నిజం చెప్పిందా? లేదు. “పిడి పట్టుకుని లాగమని ఉంది,” అంది.

ఇద్దరూ లాగారు. పది నిమిషాలు మార్చి మార్చి లాగారు. సువార్త చేతులకు రొయ్యలు ఒలిచే పల్చటి తొడుగులే ఉన్నాయి, అవీ తడిసినవి. “ఇంకోసారి చదువక్కా. నా వేళ్లు ఉన్నాయో లేదో నాకే తెలియడం లేదు,” అంటూ ఆమె పెట్టెకు ఆనుకుని కూలబడింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

వీరవేణికి నవ్వుతారేమోనన్న భయం ఎటు పోయిందో పోయింది. ఈ మనిషి తన కళ్లెదుటే పోతుందేమోనన్న భయం పట్టుకుంది.

“సువార్తా, నాకు రాదే. ఆ రోజూ రాలేదు. అబద్ధం చెప్పాను,” అని ఏడ్చేసింది.

సువార్త గోడ పట్టుకుని లేచి, కాగితం ముందు నిలబడి, పెదవులు కదుపుతూ మెల్లగా చదివింది.

“ఇందులో సగం నేను డబ్బాలో వేసిన మాటలే అక్కా. లాగమని కాదు. ఎడమవైపుకు తిప్పాలంట. ఊడి చేతికి వచ్చేదాకా తిప్పాలంట. ఆ తర్వాతే తొయ్యాలి.”

వీరవేణి తిప్పింది. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. భుజంతో ఒక్క తోపు తోసింది. తలుపు తెరుచుకుంది. బయటి వేడిగాలి మొహానికి తగిలేసరికి ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది.

సువార్త బతికింది. కానీ ఆమె ఎడమచేతి రెండు వేళ్లకు మళ్లీ స్పర్శ రాలేదు. ఆ చేత్తో ఇక రొయ్య ఒలవలేకపోయింది. పది నిమిషాల ముందు నిజం చెప్పి ఉంటే ఆ వేళ్లు దక్కేవని వీరవేణికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మళ్లీ తరగతి పెట్టిన రోజున ఆమె అందరికంటే ముందు లేచింది. చలిగది కాగితం మీద పై నుంచి కింద దాకా గీతలు గీసి, పెద్ద అక్షరాలతో తన పేరు రాసి, డబ్బాలో వేసింది. ఎవరూ నవ్వలేదు. ఆమె వెనకే సువార్త కట్టు కట్టిన చేత్తో తన చీటీలు వేసింది.

తెలియదని ఒప్పుకుంటే పోయేది కాసేపు పరువే. తెలిసినట్టు నటిస్తే ఆ తప్పుకు మనల్ని నమ్మినవాళ్లు బాధపడాల్సి వస్తుంది.